నొప్పి లేని నెత్తురు

మా మేనమామ గట్టి మనిషి. అరవై దాటాక కూడా రోజూ రెండు మైళ్ళు నడిచేవారు. ఒకనాటి పొద్దున ఆయనకు మూత్రంలో నెత్తురు పడింది. నొప్పి లేదు, జ్వరం లేదు. "వేడి చేసి వుంటుంది" అనుకుని బార్లీ నీళ్ళు పుచ్చుకున్నారు. మూడోనాటికి ఆగిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది నెలలకు మళ్ళీ కనిపించింది. ఈసారి సన్నని వానపాముల్లాంటి గడ్డలు! అత్తయ్య కంట పడింది కనుక సరిపోయింది.

ఈ రోగం తరహాయే అది, కనిపిస్తుంది, దాక్కుంటుంది. ఆ వానపాముల ఆకారానికీ అర్థం వుంది. నెత్తురు పైన మూత్రపిండంలో కారి, సన్నని మూత్రనాళంలో గడ్డకట్టి దిగిందన్నమాట.

అల్ట్రాసౌండులో ఎడమ మూత్రపిండంలో కణితి కనిపించింది. మూత్రం వచ్చి చేరే గరాటువంటి చోటులోకి అది చొచ్చుకువచ్చిందని సి.టి. స్కాను చెప్పింది. ఇక ఆపరేషనే గదా అనుకున్నాం. డాక్టరుగారు తొందరపడలేదు. "ముందు ఇది ఎక్కడ పుట్టిందో తేలాలి" అన్నారు.

మూత్రపిండపు కండలో పుట్టి గరాటులోకి దిగే కేన్సరు ఒకటి; గరాటు లోపలి పొరలోనే పుట్టేది వేరొకటి. స్కానులో రెండూ ఒక్కొక్కప్పుడు కవలల్లా వుంటాయి. వైద్యం మాత్రం వేరు. మొదటిదానికి సాధారణంగా మూత్రపిండం తీస్తే చాలు. రెండోదాని సంగతి అలా కాదు. ఆ పొర నాళం పొడుగునా మూత్రాశయం దాకా పరుచుకుని వుంటుంది. అందుకని ముదురు రకమైతే మూత్రపిండమూ, నాళమూ, నాళం కలిసేచోట మూత్రాశయం అంచూ తీయాలి. ఆ పైన మూత్రాశయంలోకి గొట్టం పంపి ఏళ్ళ తరబడి చూస్తూ వుండాలి. మందులూ వేరే. పొరలో పుట్టినదానిమీద సిస్‌ప్లాటిన్ వంటివి పనిచేస్తాయి. కండలో పుట్టినది వాటికి లొంగదు; అది పాకినప్పుడు 2005 నుంచి ఒకటొకటిగా వచ్చిన కొత్త మందులే దిక్కు.

అందుకే మూత్రంలోని కణాలు పరీక్షించారు. నాళంలోకి సన్నని దూరదర్శిని వంటిది పంపి చిన్న ముక్క తీశారు. మామయ్యది కండలో పుట్టినదే.

"ఒక్కదానితో మనిషి బతుకుతాడా?" అని అత్తయ్య బెంగ. 1869లో జర్మనీలోని హైడెల్‌బర్గులో గుస్టావ్ సైమన్ అనే సర్జను, ముందు కుక్కలమీద చేసి చూసి, ఒక స్త్రీకి మూత్రపిండం తీశాడనీ, ఆమె కోలుకున్నదనీ చెప్పాను. "తెలుగు పంతులువి, నీకెందుకురా ఇవన్నీ?" అన్నది కానీ, ఆ రాత్రి అన్నం తిన్నది.

కణితి చిన్నదిగా వున్నప్పుడే వస్తే మూత్రపిండంలో కొంతభాగమే తీసి మిగతాది దక్కించేవారమేమో అన్నారు డాక్టరుగారు. పొగతాగడం కూడా ఈ రోగానికి ఒక కారణమని విన్నాక మామయ్య చుట్ట మానేశారు. గడువు ప్రకారం స్కానుకు వెడుతున్నారు. అత్తయ్య వెంట వుండి తీసుకువెడుతుంది.