పాత పడవకు కొత్త అవుట్‌బోర్డ్ మోటారు: ఎంపిక క్రమం

6.1 ఉద్దేశం

ఈ భాగం చదివిన తరువాత, పాత పడవకు తగిన మోటారును ఏ క్రమంలో ఎంచుకోవాలో, అందుకు కారణాలేమిటో మీరు వివరించగలుగుతారు.

6.2 పరిచయం

వేటే ఆధారమైన కుటుంబానికి మోటారు మార్చడమంటే తరచుగా అప్పు చేయడమే. అందరూ ముందుగా అడిగేది "ఎన్ని హార్స్‌పవర్?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటి రెండూ పడవకు సంబంధించినవి.

6.3 వెనుక పలక గట్టిదేనా?

మోటారు బరువూ, దాని తోపుడూ పడవ వెనుక పలకపైనే పడతాయి. చాలా ఫైబర్ పడవల్లో ఈ పలక లోపల చెక్క ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు చేరితే పైపూత బాగున్నా లోపల చెక్క కుళ్లుతుంది. చెక్క సుత్తితో పలకంతా తట్టి చూడండి. ఒకచోట గట్టిగా, మరోచోట మందంగా మోగితే అనుమానించాలి. పలక కదిలినా, మూలల్లో పగుళ్లున్నా మరమ్మతు చేశాకే మోటారు కొనాలి. నడిసముద్రంలో పలక ఊడితే మోటారుతోపాటు మనుషులకూ ప్రమాదమే.

6.4 బరువు

ఒకే శక్తి గల మోటార్లలో ఫోర్‌స్ట్రోక్ రకం సాధారణంగా టూస్ట్రోక్ కంటే బరువైనది. కాని ఇంధనం, పొగ తక్కువ. పాతది 36 కిలోలు, కొత్తది 52 కిలోలు అనుకుందాం. అదనపు బరువు 16 కిలోలు. పడవ ముందువెనుకలకు ఊగే కేంద్రం నుంచి పలక 3.5 మీటర్ల దూరంలో ఉంటే:

16 × 3.5 = 56 కిలోగ్రాం-మీటర్లు

దీన్ని సరిచేయడానికి 28 కిలోల సామానును 2 మీటర్లు ముందుకు జరపాలి. లేకపోతే వెనుక భాగం దిగి, అలల నీరు లోపలికి వస్తుంది.

6.5 శక్తి

నీటిని చీల్చుకుంటూ వెళ్లే బరువైన పడవ తన అలను తానే పుట్టిస్తుంది. ఆ అల పొడవు పడవ పొడవుకు సమానమైనప్పుడు వేగం పెరగడం దాదాపు ఆగిపోతుంది. నీటిమట్టం వద్ద పొడవు 25 అడుగులైతే:

1.34 × √25 = 6.7 నాట్లు, అంటే గంటకు సుమారు 12.4 కిలోమీటర్లు

ఆపై ఎంత శక్తి పెంచినా ఎక్కువగా ఖర్చయ్యేది ఇంధనమే. నీటిపై తేలిపోతూ పరుగెత్తే తేలికపాటి పడవలకు ఈ లెక్క వర్తించదు. తయారీదారు పేర్కొన్న గరిష్ఠ శక్తిని ఏ పడవలోనూ మించరాదు.

6.6 షాఫ్టు, ప్రొపెల్లరు

పలక పైఅంచు నుంచి పడవ అడుగు వరకు నిలువుగా కొలవండి. సుమారు 38 సెంటీమీటర్లైతే పొట్టి షాఫ్టు, 51 అయితే పొడవు షాఫ్టు సరిపోతుంది. షాఫ్టు పొట్టిదైతే ప్రొపెల్లరు గాలి పీల్చి వృథాగా తిరుగుతుంది. మరీ పొడవైతే ఇసుక మేటలకు తగులుతుంది. డబ్బు పూర్తిగా చెల్లించే ముందు వల, మనుషులు, ఇంధనంతో నడిపి చూడండి. పూర్తి బరువుతో మోటారు నిర్ణీత చక్రవేగాన్ని అందుకోకపోతే పిచ్ తక్కువగల ప్రొపెల్లరు అవసరం.

6.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీటిమట్టం వద్ద 16 అడుగుల పొడవున్న బరువైన పడవ వేగ పరిమితి ఎంత? (జవాబు: సుమారు 5.4 నాట్లు)
2. హార్స్‌పవర్ మూడో ప్రశ్న ఎందుకైంది? మీ మాటల్లో రాయండి.