కరెంటు బండి కొనేముందు



మన వెంకటగిరికోటలో ఇప్పుడు కరెంటు స్కూటర్లు బాగానే కనబడుతున్నాయి. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు బంకు దగ్గర నిలబడే పని లేదు. ఇవన్నీ నిజాలే. అయితే పెట్రోలు బండికి తిండి బంకులో పెడతాం, దీనికి మన ఇంట్లోనే పెట్టాలి. అందుకని కొనేముందు ఇల్లాలు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదట ఖర్చు సంగతి. ఒక మోస్తరు స్కూటరు బ్యాటరీ నిండటానికి సుమారు 3 యూనిట్లు కావాలి. నెలకు 15 సార్లు నింపితే 45 యూనిట్లు. పెట్రోలు ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువే. కాని ఆ యూనిట్లు ఇంటి మీటరులో కలుస్తాయి గనుక స్లాబు మారి, రేటు పెరగవచ్చు. ఇక కంపెనీవారు చెప్పే మైలేజి పరీక్షలో వచ్చిన లెక్క. వెనకాల ఒకరిని కూర్చోబెట్టుకుని, ముందు టమోటా బుట్ట పెట్టుకుని నాయకనేరి కనుమ ఎక్కితే ఆ లెక్క నిలవదు. పెట్రోలయితే సీసాలో తెచ్చి పోసుకోవచ్చు. చార్జి అయిపోతే బండిని తోసుకుపోవలసిందే. కొన్నేళ్ళకు బ్యాటరీ బలం తగ్గుతుంది, బండి ధరలో పెద్ద భాగం దానిదే. కాబట్టి గ్యారంటీ ఎన్నేళ్ళో, దేనికి వర్తిస్తుందో కాగితం మీద చూసుకుని కొనండి.

రెండవది ప్రాణాలకు సంబంధించిన మాట. 2022 మార్చిలో, మనకు దగ్గరే ఉన్న వేలూరులో, రాత్రి చార్జింగులో ఉన్న బండి అంటుకుని తండ్రీకూతుళ్ళు పొగకు ఊపిరాడక చనిపోయారు. ఏప్రిల్లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు పోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదులో కరెంటు స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పై అంతస్తుల లాడ్జిలోకి కమ్ముకుని 8 మంది మరణించారు. తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. కొత్త నియమాలు 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి మరో విడత అమలుకు వచ్చాయి.

ఎందుకిలా జరుగుతుంది? బ్యాటరీ అంటే ఒక్క డబ్బా కాదు, లోపల ఎన్నో చిన్న చిన్న సెల్లులుంటాయి. ఒకటి చెడి విపరీతంగా వేడెక్కితే ఆ వేడి పక్కదానికి పాకుతుంది. ఆరినట్టే ఆరి మళ్ళీ రాజుకుంటుంది. దాని పొగ విషం.

అందుచేత రాత్రి చార్జింగు పెట్టి పడుకోవద్దు. పడకగదిలో, వాకిలికి అడ్డంగా, మెట్లకింద పెట్టవద్దు. మంట లేస్తే బయటపడే దారి ఉండాలి. బండి తిరిగొచ్చిన వెంటనే కాకుండా, బ్యాటరీ చల్లారాక పెట్టండి. బండితో వచ్చిన చార్జరే వాడండి. ఎర్తు ఉన్న ప్లగ్గు వేయించండి. ఉబ్బిన బ్యాటరీని, వరదనీటిలో మునిగినదాన్ని ముట్టుకోకుండా మెకానిక్కుకు చెప్పండి. పొగ కనిపిస్తే సామాన్లు చూసుకోకుండా పిల్లలతో బయటకు వచ్చి 101కి ఫోను చేయండి.

మూడవది, పొగ లేదన్న మాట. మన వీధిలో లేదు, అంతవరకే. దేశంలో ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గుతోనే తయారవుతోంది. మన సీమలో ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రమూ బొగ్గుదే. బొగ్గు కాలిన చోట ఉన్నవాళ్ళకు పొగా, బూడిదా తప్పవు. బ్యాటరీల్లో చాలావాటికి కోబాల్టు కావాలి. ప్రపంచంలో సగానికి పైగా కోబాల్టు ఆఫ్రికాలోని కాంగో గనులదే. అక్కడ పసిపిల్లలు కూడా మట్టి తవ్వుతున్నారు. లిథియం కోసం చిలీ ఎడారిలో భూమి అడుగున ఉన్న ఉప్పునీటిని తోడి ఎండబెడతారు. గని అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పక్కనే ఉన్న కోలారు బంగారు గనులు 2001లో మూతబడ్డాయి. బంగారం ఎక్కడికో పోయింది, సయనైడు మట్టిదిబ్బలు మాత్రం ఆ ఊరివాళ్ళకు మిగిలాయి.

ఇంతా చెప్పి కరెంటు బండి వద్దనటం లేదు. మొత్తం జీవితకాలం లెక్కేస్తే పెట్రోలు బండికన్నా దీనివల్ల గాలికి చేటు తక్కువేనని నిపుణులు చెబుతున్నారు. ఊళ్ళో తిరుగుళ్ళకు అది చక్కని బండి. పాత బ్యాటరీని మాత్రం పాతసామాన్లవాడికి వేయకండి. 2022 నాటి నిబంధనల ప్రకారం దాన్ని వెనక్కు తీసుకునే బాధ్యత తయారుదారుదే. కొనేరోజునే ఆ మాట అడగండి. బస్సు దొరికే దూరానికి బస్సెక్కండి, నడవగలిగిన దూరానికి నడవండి.