పైపు లావూ హంటర్ గీతా

ఇల్లు కట్టేటప్పుడు నీళ్ల లైను దగ్గర తరచూ వినిపించే మాట: "ముప్పావు ఇంచు ఎందుకు, ఇంచు వేసేస్తే పోలా?" పైపు లావైతే ప్రెషర్ పెరుగుతుందన్న నమ్మకం ఆ మాట వెనక ఉంది. ప్రెషర్ పుట్టేది ట్యాంకు ఎత్తులోనో మోటారులోనో తప్ప పైపులో కాదు. ట్యాంకులో నీటిమట్టం కుళాయికి 10 మీటర్లు పైనుంటే, కుళాయి కట్టి ఉన్నంతసేపూ అక్కడ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. పైపు అరంగుళమైనా నాలుగంగుళాలైనా అది మారదు. కుళాయి తిప్పాక పారే నీరు రాపిడికి ఎంత ఒత్తిడి పోగొట్టుకుంటుందన్నదే పైపు లావును బట్టి ఉంటుంది. అందుచేత ముందు తేల్చుకోవలసింది ఒకేసారి ఎంత నీరు పారుతుందన్నది.

దీనికి లెక్క కట్టినవాడు వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన రాయ్ హంటర్. ఆయన 1940 నివేదికలో కుళాయిలను కూడలేదు, అవి కలిసి తెరుచుకునే సంభావ్యతను లెక్కించాడు. అప్పటి ఫ్లష్ వాల్వ్ ఒకసారి నొక్కితే 9 సెకన్లు పారేది; రద్దీ వేళల్లో 5 నిమిషాలకోసారి నొక్కుతారనుకుంటే, ఏ క్షణంలోనైనా అది పారుతూ ఉండే అవకాశం నూటికి మూడు. అలాంటివి 100 ఉన్న భవనంలో ఒకేసారి 8కి మించి పారే సందర్భం నూటికి ఒకటి కూడా రాదు. వందకు బదులు ఎనిమిదికి సరిపడా పైపు చాలు. ఈ లెక్క నుంచి గీసిన హంటర్ గీతే తర్వాత ఎన్నో దేశాల ప్లంబింగ్ నియమాలకు ఆధారమైంది.

మన ఇళ్లలో ట్యాంకు డాబా మీదే ఉంటుంది కదా, లావు పైపు అవసరమే కదా అనవచ్చు. పై అంతస్తు విషయంలో ఆ మాట నిజమే. షవర్‌కు రెండు మీటర్ల ఎత్తున ట్యాంకు ఉందనుకుందాం. నిమిషానికి 12 లీటర్లు పారితే, లోపలి వ్యాసం 15 మి.మీ. ఉన్న నున్నని పైపు పది మీటర్లలోనే మీటరుకు పైగా ఎత్తును మింగేస్తుంది, 20 మి.మీ. పైపు పావు మీటరుతో సరిపెడుతుంది. అయితే గీజరు నుంచి వచ్చే వేడినీళ్ల లైనులో ఇదే ఉదారత తిరగబడుతుంది. పది మీటర్ల 15 మి.మీ. పైపులో నిలిచేది సుమారు 1.8 లీటర్లు, 25 మి.మీ. పైపులో దాదాపు 5 లీటర్లు. వేడినీళ్లు అందేలోపు ఆ చల్లనీళ్లన్నీ డ్రెయిన్‌లోకే.

ఎత్తైన అపార్ట్‌మెంట్లలో కథ తలకిందులు. ఇరవై అంతస్తుల కింద, అరవై మీటర్ల దిగువన, ఆరు కిలోల ఒత్తిడి కుళాయి వాషర్లనూ గీజర్నూ పరీక్షిస్తుంది. అక్కడ కావలసింది ప్రెషర్ తగ్గించే వాల్వ్. దాని ఇత్తడి గుల్లలో ఒక స్ప్రింగు, ఒక రబ్బరు పొర, ఒక మూత ఉంటాయి. స్ప్రింగు మూతను తెరవాలని చూస్తుంది. దాటి వచ్చిన నీటి ఒత్తిడి పొరను నెట్టి మూయాలని చూస్తుంది. పైనున్న మర బిగిస్తే స్ప్రింగు బలపడి, ఇంట్లో ఒత్తిడి ఆ మేరకు పెరుగుతుంది. దీన్నీ పెద్దది కొంటే మంచిదే కదా అంటే, కాదు. అవసరానికి మించిన వాల్వ్‌లో మూత ఎప్పుడూ అంచుకు అంటీముట్టనట్టు వేలాడుతూ, కొట్టుకుంటూ, త్వరగా అరిగిపోతుంది. మరీ చిన్నదైతే నాలుగు కుళాయిలు తెరిచేసరికి ఒత్తిడి జారిపోతుంది. పైపుకైనా వాల్వ్‌కైనా కొలత ఒకటే: ఒకేసారి పారే నీరు.

ఆ కొలత శాశ్వతం కాదు. 1992 నాటి అమెరికా ఇంధన చట్టం ఫ్లష్‌ను సుమారు 6 లీటర్లకు కుదించింది. కుళాయిలూ షవర్లూ పొదుపరులయ్యాయి. పాత గీతను పట్టుకుంటే ఇళ్లకు పైపులు లావైపోయి, నీరు నిలిచిపోతోందని గుర్తించి, 2018 యూనిఫాం ప్లంబింగ్ కోడ్ అనుబంధంలో ఇళ్లకు వేరే లెక్క చేర్చారు. ఇళ్లలో కొలిచిన వాడకమే దానికి ఆధారం. హంటర్ తప్పు చేశాడని కాదు. సంభావ్యత సూత్రం అలాగే ఉంది, అందులో వేసే అంకెలే మారాయి. కాబట్టి ప్లంబరుతో "ఎన్ని ఇంచులు?" అన్న మాట చివర్లో రావాలి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంది, లైను ఎంత పొడవు, పొద్దున ఏడింటికి ఏయే కుళాయిలు కలిసి తిరుగుతాయి అన్నవి తేలాక ఇంచులు వాటంతటవే తేలతాయి.