తిరుమల పాదయాత్రలో ఒక దినము

చింతామణి ప్రాంతమునుండి తిరుమలకు కాలినడకను పోవు భక్తులు మదనపల్లె, వాయల్పాడు, పీలేరు, భాకరాపేట కనుమ మీదుగా పోవుదురు. దూరము 150 కిలోమీటర్లకు మించును. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి వారికి ఇంకను అధికము. హైస్కూలు పిల్లలను వెంట తీసికొనిపోవచ్చునా యని తలిదండ్రులు అడుగుచుందురు. ఒక్క దినపు నడక ఎట్టిదో తెలిసికొన్నయెడల దీనికి సమాధానము దొరకును.

గంటకు 4, 5 కిలోమీటర్లు నడచువాడు 10 గంటలలో 40కి పైగా పోగలడని లెక్కల పుస్తకము చెప్పును. కాళ్ళు ఆ లెక్కను ఒప్పుకొనవు. దినమునకు 25 కిలోమీటర్లు చాలును. అందులో అధిక భాగము ఎండ ముదురక పూర్వమే నడువవలెను. అయితే ధనుర్మాసపు మంచులో లారీవానికి మనిషి కనబడడు గనుక బాగుగా వెలుగు వచ్చినపిదపనే పెద్ద రోడ్డు ఎక్కుట క్షేమము. మన దేశమున వాహనములు ఎడమప్రక్కన పోవును. కావున పాదచారి కుడిప్రక్కన, ఎదురుగా వచ్చు బండ్లను చూచుచు నడువవలెను. భజన యుత్సాహములో గుంపు రోడ్డు నడుమకు జరుగుచుండును. దానిని కనిపెట్టుటకు ఒక పెద్ద ఉండవలెను.

అందరిని బాధించునది బొబ్బ. చెమటతో నానిన చర్మము చెప్పుతో ఒరసికొనగా పైపొర విడివడి, దాని క్రింద నీరు చేరును. దానిని గ్రుచ్చరాదు, పైతోలే గాయమునకు కట్టు. మంట తెలియగానే ఆగి, పాదమును తుడిచి ఆరబెట్టి, ఆ చోట పట్టీ వేయవలెను. వెనుకబడుదుమను సిగ్గుచే పిల్లలు ఈ మాట చెప్పరు, సాయంకాలము కుంటుదురు. పెద్దలే అడిగి చూడవలెను. నడచిన కొలది పాదములు ఉబ్బును గనుక బిగువు జోళ్ళు పనికిరావు, క్రొత్తవి అసలే పనికిరావు.

తాళ్ళపాక అన్నమాచార్యులు బాల్యమున చెప్పులతో కొండ నెక్కుచు మోకాళ్ళపర్వతము వద్ద సొమ్మసిల్లెనని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసెను. ఆ నియమమును తారురోడ్డునకు కూడ వర్తింపజేసికొని వట్టికాళ్ళతో నడచుట పెద్దల యిష్టము, పిల్లలకు వలదు.

మధ్యాహ్నము నీడపట్టున ఆగి, సంగటి తిని, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగి విశ్రమింతురు. చెమటతో పోయిన ఉప్పును ఆ మజ్జిగ కొంత తిరిగి యిచ్చును. సాయంకాలపు నడక స్వల్పమే గాని కష్టము. భజన అప్పుడే ఉపకరించును. పాట లయ అడుగులను ఒకే వేగమున నిలుపును. మన కైవారము నారాయణ యోగి తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించెను గనుక గుంపులో ఏ భాషవాడైనను అందుకొనగలడు. మదనపల్లెకు ముందే రాష్ట్రపు ఎల్ల దాటుదుము. బోర్డులపై కన్నడ లిపి పోయి తెలుగు లిపి వచ్చును. మంచినీళ్ళడిగిన యింటిలో పలుకు మాత్రము నిన్నటిదే.

కనుమ దిగినవారికి శ్రీవారిమెట్టు చేరువ. అలిపిరి త్రోవ అయినచో సుమారు 3,550 మెట్లు. 2023 ఆగస్టులో ఆ అలిపిరి త్రోవలో చిరుతపులి ఒక బాలికను చంపెను. పిమ్మట పిల్లలతో ఎక్కువారికి వేళల నియమములు విధించిరి. బయలుదేరుటకు ముందు నాటి నియమములను విచారించుకొనవలెను.

పదునాలుగేండ్ల పిల్లవానిని తొలియేట చింతామణినుండి ఒక్క దినము నడిపించి, సాయంకాలము బస్సులో ఇంటికి తెచ్చుట మంచిదని నా అభిప్రాయము. ఆ రాత్రి వాని పాదములను చూచినచో మరుసటియేటి సంగతి తేలును.