మీకు తెలుసా? అలాస్కాలో నేల ఒకరిది, గని మరొకరిది!

1971 డిసెంబరు 18న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టం అలాస్కా ఆదివాసులకు సుమారు 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఇచ్చింది తెగలకు కాదు, ఆదివాసులే వాటాదారులైన కార్పొరేషన్లకు. చాలాచోట్ల నేల పైభాగం గ్రామ కార్పొరేషన్‌ది, భూగర్భ ఖనిజం ప్రాంతీయ కార్పొరేషన్‌ది.

మరి ఇలా కార్పొరేషన్లకు ఇచ్చిన ప్రభుత్వ భూముల్లో అప్పటికే బంగారం తవ్వుకుంటున్నవాళ్ల సంగతి?

1872 నాటి గనుల చట్టం కింద ఖనిజం కనుగొన్నవాడు మూలల్లో కొయ్యలు పాతి, క్లెయిము నమోదు చేయించుకుంటే తవ్వుకునే హక్కు దక్కేది. 1971 ఆగస్టు 31కి ముందే మొదలైన ఇలాంటి చెల్లుబాటయ్యే క్లెయిములను కొత్త చట్టం వెంటనే రద్దు చేయలేదు. నిబంధనలన్నీ పాటిస్తే ఐదేళ్ల రక్షణ, పూర్తి యాజమాన్య పట్టా పొందే వీలు కూడా కల్పించింది. తరతరాలుగా అక్కడ వేటాడి, చేపలు పట్టి బతికినవాళ్ల భూమిలో నిన్నమొన్న కొయ్య పాతినవాడికి ఇంత భరోసా దక్కడం బాధ కలిగించే విషయమే.

పంపకంలో మాత్రం చట్టం మంచి పని చేసింది. ఒక ప్రాంతీయ కార్పొరేషన్‌కు ఖనిజాల మీద వచ్చే ఆదాయంలో 70 శాతాన్ని 12 ప్రాంతీయ కార్పొరేషన్లూ పంచుకోవాలి. నానా ప్రాంతీయ కార్పొరేషన్ భూమిలో 1989లో ఉత్పత్తి మొదలుపెట్టిన రెడ్ డాగ్ జింకు గని రాబడి అలాగే అలాస్కా అంతటా ఆదివాసులకు చేరుతోంది.