మీకు తెలుసా? గడ్డకట్టే చలిలో కుండీలు ఎందుకు పగులుతాయి

నీరు గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. మంచు కురిసే అమెరికా రాష్ట్రాల్లో ఆరుబయట వదిలేసిన మట్టికుండీలు పగలడానికి ప్రధాన కారణం ఇదే. కాల్చిన మట్టిలోని సన్నటి రంధ్రాల్లోకి ఇంకిన నీరు మంచుగా మారి ఉబ్బుతుంది. ముందు అంచు పెచ్చులుగా ఊడుతుంది, ఆపై కుండీ నిలువునా చీలుతుంది.

కుండీ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, అసలు నష్టం వేళ్లకు. నేలలో నాటిన మొక్కకు చుట్టూ ఉన్న భూమే దుప్పటి. కుండీకి అన్ని వైపులా చలిగాలి తగులుతుంది. కొమ్మలు తట్టుకునే చలిని వేళ్లు తట్టుకోలేవు.

అమెరికాలోని మనవాళ్లు కుండీల్లో ప్రాణంగా పెంచుకునే కరివేపాకు వేడి ప్రాంతపు మొక్క. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే దాన్ని ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గరికి చేర్చాలి. లోపల ఆకులు పండి రాలిపోతే చచ్చిందని పారేయకండి. కాండాన్ని గోటితో కాస్త గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. చిగురు వేసేదాకా ఎరువు వద్దు. నీళ్లు ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయి, పైమట్టి ఆరాకే పోయండి.