పరుగుకు తోడు సైకిలు

మైలవరంలో ప్రతి ఉదయం పరుగెత్తడం నాకు ఏళ్ళనాటి అలవాటు. కిందటేడు మోకాళ్ళు నొప్పి పుట్టి, పరుగంటేనే విముఖత కలిగింది. మానివేయదలచిన దశలో వసారాలో మూలనపడిన సైకిలును బయటికి తీశాను.

ఒకనాడు పరుగు, మరునాడు కొండపల్లి దారిన సైకిలు, శనివారం నువ్వులనూనెతో అభ్యంగనం, విశ్రాంతి. సైకిలుపై శరీరభారాన్ని సీటు మోస్తుంది. మోకాళ్ళకు అదురు తగలదు, గుండెకు మాత్రం వ్యాయామం తగ్గదు.

బలవంతులు సైతం శీతవసంత ఋతువులలో అర్ధశక్తితోనే వ్యాయామం చేయాలనీ, తక్కిన కాలాలలో ఇంకా తగ్గించాలనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. నుదుట చెమట పట్టి, నోటితో శ్వాస తీయవలసి వస్తే అదే హద్దు. మండువేసవిలోనూ ఆ హద్దు దాటడమే నా అపరాధం.

నేడు నొప్పి ఉపశమించింది. పరుగు వంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాను. కీళ్ళలో వాపు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించగలరు.